ఊట పైన కొట్టం

సుత్‌బులాక్ అంటే పాల ఊట. కొండ రాళ్ళ సందుల్లోంచి ఉబికి వచ్చే నీళ్ళు కింద బండ మీద పడి తెల్లగా నురగ కడతాయి కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. అది కాదు, ఒక కరువు ఏట బాలింతలకు పాలు ఎండిపోతే ఈ నీళ్ళు తాగాకే మళ్ళీ పడ్డాయని ఇంకొందరంటారు. సైరాకాన్‌కు ఈ రెండో మాటే ఇష్టం. ఆమె తల్లి బాతమా ఆ నీళ్ళు తాగే ఇద్దరు పసివాళ్ళను సాకింది. ఒకరు సైరాకాన్. రెండోవాడు పక్కింటి షెరాలీ.

షెరాలీ పుట్టిన పూటే వాళ్ళమ్మ కన్ను మూసింది. మంత్రసాని ఆ పసిగుడ్డును గొర్రె ఉన్నిలో చుట్టి ఎవరి చేతుల్లో పెట్టాలో తెలియక గుమ్మంలో నిలబడితే, అప్పటికే ఒళ్ళో నెలల పిల్ల ఉన్న బాతమా చెయ్యి చాచి "ఇలా తే" అంది. ఒక పక్క సొంత పిల్ల, ఒక పక్క వాడు. ఆ కొండ ఊళ్ళలో ఒక రొమ్ము పాలు తాగినవాళ్ళు తోడబుట్టినవాళ్ళ కిందే లెక్క. వాళ్ళ మధ్య పెళ్ళి మాట రాకూడదు, పగ రాకూడదు. ఒకరి చావుకు ఇంకొకరు రాకుండా ఉండకూడదు.

కాస్త ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దున్నే ఊటకు వెళ్ళి నీళ్ళు తేవడం వాళ్ళిద్దరి పని. బకెట్లు కర్రకు తగిలించి, ముందు చివర సైరాకాన్, వెనక చివర షెరాలీ. తిరిగి వచ్చేటప్పుడు వాడు కావాలని అడుగులు తప్పుగా వేసేవాడు. నీళ్ళు ఒలికి ఆమె చీలమండలు తడిసేవి. "ఒరే, నీకు పెళ్ళాం దొరకదురా!" అని ఆమె తిట్టేది. "దొరక్కపోతే నువ్వే రొట్టెలు కాల్చి పెడతావులే అక్కా" అనేవాడు. బోర్లా పడుకుని, ముక్కు తడవకుండా ఊటలోంచి నీళ్ళు ఎవరు ఎక్కువసేపు తాగుతారా అని పందెం కట్టేవాళ్ళు. ఆ నీళ్ళకు ఒక రుచి ఉండేది. రాయి రుచి అనాలో, మంచు రుచి అనాలో సైరాకాన్‌కు ఇప్పటికీ తెలియదు. పళ్ళు జివ్వుమనేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, అయినా ఇంకో గుక్క తాగాలనిపించేది.

వాళ్ళకు పదేళ్ళప్పుడు ఊరికి నీళ్ళ గొట్టాలు వచ్చాయి. గొట్టాలు సర్కారు నడిపే ఉమ్మడి పొలం, సమష్టి క్షేత్రం, ఇచ్చింది గాని తవ్వకం ఊరిదే. అలా ఊరంతా కలిసి కూలి అడగకుండా చేసే పనిని అక్కడ అషర్ అంటారు. మగవాళ్ళు ఊట దగ్గర నుంచి ఊరి నడిబొడ్డు దాకా కందకం తవ్వుతుంటే, ఆడవాళ్ళు గట్టు మీద పొయ్యిలు పెట్టి పిండి ముక్కలు నూనెలో వేయించి బోర్సోక్ చేసి, పాలు కలిపిన ఉప్పు టీ కాచేవాళ్ళు. పారల చప్పుడు, నూనె వాసన, ఎవరో ఒకరి పాట. ఊట చుట్టూ సిమెంటు తొట్టి కట్టారు, పైన ఇనుప మూత పెట్టారు, మేకపిల్ల కూడా దూరకుండా చుట్టూ కర్రల కంచె వేశారు. వీధి మలుపు దగ్గర కొళాయి తిప్పిన రోజు ఊరంతా మూగింది. అది ముందు దగ్గింది, తర్వాత ఎర్రగా తుప్పు కక్కింది, ఆ తర్వాత ఒక్కసారిగా తేట నీళ్ళు కొట్టింది. బాతమా ఆ నీళ్ళను దోసిట పట్టి ఇద్దరు పిల్లల తలల మీదా చల్లింది. "ఇక మీ భుజాలకు కర్ర పోటు లేదు, పోండి, ఆడుకోండి" అంది. ఆ రోజు వాళ్ళు ఆడుకోలేదు. ఏం చెయ్యాలో తోచక, పాత అలవాటు కొద్దీ ఊట దాకా నడిచి వెళ్ళి వచ్చారు.

ఏళ్ళు గడిచి ఆ సర్కారు పోయింది. సమష్టి క్షేత్రం పోయింది. బొగ్గు దొరకని చలికాలాలు వచ్చాయి. ఊట చుట్టూ ఉన్న కంచె కర్రలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇనుప మూత ఏ లారీలో పాత ఇనుము కింద సరిహద్దు దాటిందో ఎవరూ అడగలేదు. అయినా కొళాయి మాత్రం కారుతూనే ఉంది కాబట్టి జనం కొండ వైపు చూడడం మానేశారు.

షెరాలీ వ్యవసాయ చదువు చదివాడు. నోరు మంచిది, చెయ్యి మంచిది. బాతమా పోయినప్పుడు అతను శవాన్ని ఉంచిన గుడారం బయట కర్ర మీద వంగి నిలబడి "అమ్మా, నా పాల ఊటా" అని కొడుకు ఏడవాల్సిన ఏడుపు ఏడ్చాడు. వింటున్న ఆడవాళ్ళకు గుండె చెరువైంది. ఊరి అధ్యక్ష పదవికి అతను నిలబడినప్పుడు సైరాకాన్ ఇంటింటికీ తిరిగి "మా తమ్ముడికి వెయ్యండి" అని అడిగింది. గెలిచాడు. రెండోసారి కూడా గెలిచాడు.

ఆ మధ్యలో అతని కూతురు ఐనూరాను తాజిబాయ్ కొడుక్కి ఇచ్చి చేశాడు. తాజిబాయ్ ఎద్దులను మేపి, బలిపించి, పట్నంలో అమ్మే మనిషి. ఊట పైన చదునుగా ఉన్న నేల అతని కంటపడింది. నీళ్ళు దగ్గర, ఎండ బాగా తగులుతుంది, గాలికి కొండ అడ్డు. "వియ్యంకుడా, ఆ కాస్త నేల నాకు రాసివ్వు" అన్నాడు. అల్లుడు నూరేళ్ళు, వియ్యంకుడు వెయ్యేళ్ళు అని, అంటే అల్లుడి కంటే వియ్యంకుడి బంధమే గట్టిదని, అక్కడి సామెత. షెరాలీ కాదనలేకపోయాడు. ఊట పైన పెద్ద గొడ్ల కొట్టం లేచింది.

ఆ శరత్కాలంలో వానలు బాగా పడ్డాయి. ఒక ఉదయం సైరాకాన్ మనవరాలు బేగిమాయ్ బడికి వెళ్ళనని మంచం పట్టింది. రెండో తరగతి పిల్ల, మామూలుగా కుదురుగా కూర్చోనిది. అన్నం వాసనకే డోకు వచ్చిందంది. సైరాకాన్ పిల్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కనురెప్ప కిందికి లాగి చూసింది. కన్ను పసుపు ముద్దలా ఉంది.

"జిపార్, ఇలా రా" అని కోడల్ని పిలిచింది. కోడలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు బొగ్గు లారీ మీద దూరం పోయాడు, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళే.

ఊరి ఆసుపత్రి నర్సు రహత్ పిల్లను చూడకముందే తల ఊపింది. "కామెర్లే పెద్దమ్మా. నిన్న మీ వీధిలోనే ముగ్గుర్ని పంపాను జిల్లా ఆసుపత్రికి. బడిలో సగం బల్లలు ఖాళీ."

"ఎక్కడి నుంచి వచ్చింది ఇది?"

రహత్ కిటికీలోంచి కొండ వైపు చూసింది. "నీళ్ళు మరగబెట్టి తాగండి. పోసే ముందు వాసన చూడండి" అంది.

ఇంటికొచ్చి సైరాకాన్ కొళాయి తిప్పి గ్లాసు పట్టింది. గోధుమ రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంది. వానలో తడిసిన కొట్టం వాసన. అరవై ఏళ్ళ మనిషి, ఎన్నో చూసింది, అయినా ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు కొళాయి పక్కనే కూలబడింది. ఈ ఊరి నీళ్ళు వాసన చూసి తాగాల్సిన రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పిల్లను జిల్లా ఆసుపత్రిలో చేర్చి, మర్నాడు నేరుగా ఊరి ఆఫీసుకు వెళ్ళింది. షెరాలీ బల్ల వెనక నుంచి లేచి ఎదురొచ్చాడు.

"రా అక్కా, రా. బేగిమాయ్‌కి ఎలా ఉంది? నిన్ననే విన్నాను. రేపు నేనే వెళ్ళి చూసొస్తా."

"పచ్చగా ఉంది. గుమ్మడి పువ్వులా ఉంది. తమ్ముడూ, ఆ కొట్టం తీయించు."

అతను కూర్చున్నాడు. కాస్త నవ్వాడు. "ప్రతి శరత్కాలంలోనూ పిల్లలకు ఏదో ఒకటి వస్తుంది అక్కా. చేతులు కడుక్కోరు, కాలవలో ఈదుతారు..."

"ఈ చలిలో కాలవలో ఎవడీదుతున్నాడురా?"

"కొత్త గొట్టాలకు వచ్చే ఏడు డబ్బు వస్తుందని జిల్లా వాళ్ళన్నారు. అప్పుడు అంతా ఒకేసారి..."

"గొట్టాల మాట నేను ఎత్తానా? ఊట నెత్తిన ఎద్దులున్నాయి. వాటి పేడ, ఉచ్చ కిందికి జారి తొట్టిలోకి దిగుతున్నాయి. అంతే కదా. ఇందులో జిల్లా వాళ్ళకేం పని?"

షెరాలీ గొంతు తగ్గించాడు. "ఐనూరా ఆ ఇంట్లో ఉందక్కా. కడుపుతో ఉంది. నేను వెళ్ళి ఆ మనిషితో నీ కొట్టం పీకెయ్ అంటే, ఆ మాట తిరిగి ఎవరి మీద పడుతుంది? నువ్వే చెప్పు."

సైరాకాన్ చుట్టూ చూసింది. గోడ మీద ఊరి పటం, కిటికీ మీద టీ గిన్నె, ఆ గిన్నెలో అతనూ ఈ కొళాయి నీళ్ళే తాగుతున్నాడు. జాలేసింది. అదే ఆమెకు అన్నిటికంటే కష్టం అనిపించింది. అరిచి పోట్లాడదామని వచ్చిన మనిషి, "సరే, ఆలోచించు" అని మాత్రం అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఎదురింటి తుమార్‌ను వెంటబెట్టుకుని కొండెక్కింది. తుమార్ నోరు కత్తి, మనసు వెన్న. ఆమె కొడుక్కి కూడా కామెర్లే. పాత కందకం దారి గడ్డిలో కలిసిపోయినా సైరాకాన్ కాళ్ళు గుర్తుపట్టాయి. ఇక్కడ మా నాన్న పారతో వేలు కోసుకున్నాడు. ఇక్కడ అమ్మ పొయ్యి పెట్టింది. ఇక్కడ కూర్చుని షెరాలీ ఎవరికీ ఇవ్వకుండా బోర్సోక్ మొత్తం టోపీలో దాచుకున్నాడు. ఆమె చెప్పుకుంటూ పోతుంటే తుమార్ వగరుస్తూ "ఉంటాయమ్మా, అన్నీ ఉంటాయి, ముందు అడుగు చూసి వెయ్యి" అంది. ఆ పాటికి చెప్పులు పేడలో దిగిపోయాయి.

సిమెంటు తొట్టి ఒక మూల పగిలి ఉంది. మూత ఉండాల్సిన చోట రేకు ముక్క, దాని మీద రాయి. పైన కొట్టం నుంచి నల్లటి ధార ఒకటి మెల్లగా, ఎవరికీ భయపడకుండా, సరాసరి వచ్చి తొట్టి పగుల్లోకి దిగుతోంది. పక్కనే బండ మీద నీళ్ళు ఇప్పటికీ నురగ కడుతున్నాయి. ఆ నురగ తెల్లగా లేదు.

"ఇందులో దాచిపెట్టిందేముంది?" అంది తుమార్. "గుడ్డివాడికి కూడా వాసనొస్తుంది. ఊరంతటికీ తెలుసు. అందరికీ తెలిసిందాన్ని ఎవరూ అడగరు, అదే జబ్బు."

"నేను అడుగుతా" అంది సైరాకాన్. "కానీ వాడు నా తమ్ముడు."

"నీ తమ్ముడు కాబట్టే నువ్వు అడగాలి. మేమడిగితే పగంటారు."

ఊరి సభ పాత క్లబ్బు హాల్లో జరిగింది. పెచ్చులూడిన గోడలు, విరిగిన కుర్చీలు, చిన్నప్పుడు సినిమాలు చూసిన అదే తెర. సాధారణంగా సభకు పదిమంది ముసలివాళ్ళు వచ్చి కునికిపాట్లు పడేవాళ్ళు. ఆ రోజు ఆడవాళ్ళు గుమ్మం దాకా నిండారు. షెరాలీ వేదిక మీద, మొదటి వరసలో తాజిబాయ్ కాలు మీద కాలేసుకుని.

షెరాలీ నీళ్ళు బాగానే ఉన్నాయన్నాడో లేదో, తుమార్ సీసా ఒకటి ఎత్తి పట్టుకుని లేచింది. "బాగున్నాయా? ఇవిగో, మా ఇంటి కొళాయి నీళ్ళు. తాగి చూపించు అధ్యక్షా!"

హాలు ఉలిక్కిపడింది. షెరాలీ వేదిక దిగాడు. సీసా అందుకున్నాడు. గటగటా చివరి చుక్క దాకా తాగి మీసం తుడుచుకున్నాడు. "చూశారా? బతికే ఉన్నాను" అన్నాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. తాజిబాయ్ పడీ పడీ నవ్వాడు. తుమార్ ముఖం కందిపోయింది.

అప్పుడు సైరాకాన్ లేచింది.

"తమ్ముడూ, నువ్వు తాగుతావని నాకు తెలుసు. చిన్నప్పుడు పందేనికి కప్ప పిల్లలున్న గుంట నీళ్ళు తాగావు, గుర్తుందా?" జనం నవ్వారు. షెరాలీ కూడా నవ్వబోయాడు. "నీది రాతి కడుపు. నువ్వు బతికితే నీళ్ళు మంచివైపోవు. బేగిమాయ్ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తుమార్ కొడుకు అక్కడే ఉన్నాడు. నిన్ను నీళ్ళు తాగమనడానికి రాలేదు నేను. జవాబు చెప్పమనడానికి వచ్చాను. ఊట పైన కొట్టానికి అనుమతి ఇచ్చింది ఎవరు? దాన్ని ఎప్పుడు తీయిస్తారు?"

ముందు వరసలోంచి జోల్చు తాత చేతికర్ర నేలకు కొట్టాడు. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు. "సిగ్గు! ఒక రొమ్ము పాలు తాగి, నలుగురిలో నిలబెట్టి కడుగుతావా? బాతమా ఉంటే నీ జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకెళ్ళేది."

"ఈడ్చుకెళ్ళేదే తాతా. తర్వాత వీడి చెవి పట్టుకుని కొండెక్కించేది."

తాజిబాయ్ లేచాడు. "నా ఎద్దుల మీద పడి ఏడుస్తున్నారు గాని, ఊట కంచె ఎవరి పొయ్యిలో కాలిందో చెప్పండి. మూత ఎవరు అమ్ముకున్నారో చెప్పండి. నా ఎద్దులు రాకముందే మీరే ఊటను ఒలిచేశారు."

అది నిజం. చాలామంది తలలు వంచుకున్నారు. సైరాకాన్‌కు ఆ చలికాలాలు గుర్తొచ్చాయి. తడి చేతి తొడుగులు, పొగ, దగ్గు, చంటి కొడుకు పెదాలు నీలంగా.

"కాలాయి" అంది. "మా పొయ్యిలోనూ కాలి ఉంటాయి. కంచె మళ్ళీ మేమే వేస్తాం, ఎవర్నీ అడగం. నీ కొట్టం మాత్రం నువ్వే తీయాలి. తీయించాల్సింది అధ్యక్షుడు."

షెరాలీ ఎవరి వంకా చూడకుండా "మంచు పడేలోపు తీయిస్తాను" అన్నాడు. ఆ మాట మీద సభ ముగిసింది.

మంచు పడింది. కొట్టం కదల్లేదు.

ఆ చలికాలం ప్రతి శుక్రవారం ఆడవాళ్ళు ఊరి ఆఫీసుకు వెళ్ళారు. కొట్లాడలేదు, అరవలేదు. వసారాలో బెంచీల మీద కూర్చుని ఉన్ని వడుకుతూ, "ఇవాళ ఏమన్నా అయిందా అధ్యక్షా?" అని అడిగేవాళ్ళు. మొదట్లో అతను బయటికొచ్చి మాట్లాడేవాడు. తర్వాత గుమాస్తాను పంపేవాడు. ఆ తర్వాత వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు సైరాకాన్ అతణ్ణి అలా చూసింది. కాలరు పైకి లాక్కుని, భుజాలు ముడుచుకుని, మంచులో గబగబా. చిన్నప్పుడు బాతమా మీగడ కుండలో వేలు పెట్టి పారిపోయేటప్పుడు సరిగ్గా ఇలాగే భుజాలు ముడిచేవాడు. పిలుద్దామనుకుని మానేసింది. ఆ ఏడు కొత్త సంవత్సరానికి అతను ఆమె ఇంటికి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదటిసారి.

బేగిమాయ్ ఇంటికి తిరిగొచ్చింది, చిక్కిపోయి, నూనె తగిలితే కక్కుతూ. ఇంట్లో పొద్దస్తమానం నీళ్ళు మరుగుతూనే ఉండేవి. కిటికీ అద్దాలు ఆవిరితో మసకబారి కొండ కనిపించేది కాదు.

వసంతంలో నౌరూజ్ పండుగ వచ్చింది. మంచు కరగడం మొదలైంది, కొళాయి నీళ్ళు మళ్ళీ గోధుమ రంగుకు తిరిగాయి. ఆ ఏడు పండుగకు జిల్లా పాలకుడు సుత్‌బులాక్ వస్తున్నాడని కబురు. ఆయన్ని కూర్చోబెట్టి తినిపించే పని ఎప్పటిలాగే ఆడవాళ్ళ మీద పడింది.

"విషం పెట్టేద్దామా?" అంది తుమార్.

"అదే కదా రోజూ పెడుతున్నాం మన పిల్లలకి" అంది జిపార్. మెతక పిల్ల, ఎప్పుడూ గట్టిగా మాట్లాడనిది. అందరూ ఆమె వైపు తిరిగారు. సైరాకాన్‌కు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది.

క్లబ్బు ముందు పచ్చిక మీద తివాచీలు పరిచారు. పొడవాటి గుడ్డ మీద రొట్టెలు, బోర్సోక్ గుట్టలు, ఎండు ఆప్రికాట్లు, వెన్న, తేనె. అతిథులు వరసగా కూర్చున్నారు. జిల్లా పాలకుడు మధ్యలో, తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని. ఒక పక్క షెరాలీ, ఇంకో పక్క తాజిబాయ్. ఆడవాళ్ళు టీ గిన్నెలు తెచ్చి ఒక్కొక్కరి ముందూ రెండు చేతులా మర్యాదగా పెట్టారు. పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డారు.

పాలకుడు గిన్నె ఎత్తాడు. లోపలికి చూశాడు. పక్కవాడి గిన్నెలోకి చూశాడు. అన్నీ ఖాళీ.

"ఏమ్మా, సుత్‌బులాక్‌లో టీ అయిపోయిందా?" అని నవ్వాడు.

ఆ ఊళ్ళో దారినపోయే వాడికి కూడా టీ ఇవ్వకుండా పంపరు. శత్రువు గుమ్మం తొక్కినా ముందు గిన్నె నింపి తర్వాత మాట్లాడతారు. ఖాళీ గిన్నె పెట్టడం ఎంతటి అవమానమో అక్కడ నిలబడ్డ ప్రతి ఆడదానికీ తెలుసు. సైరాకాన్ చెంపలు భగ్గున మండుతున్నాయి. అతిథికి తన చేత్తో ఖాళీ గిన్నె పెట్టానని తల్చుకుంటే ఆమెకు ఇవాళ్టికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"టీ ఉంది బాబూ" అంది. "పాలున్నాయి, ఉప్పుంది. అతిథికి ఇవ్వదగ్గ నీళ్ళే లేవు మా ఊళ్ళో. మా పిల్లలు తాగి పడిపోయిన నీళ్ళు మీకెలా పొయ్యమంటారు? మా కొంపల్లో అంత మర్యాద తప్పలేదింకా."

పాలకుడి ముఖంలో నవ్వు ఆరిపోయింది. గిన్నె కింద పెట్టి పక్కకు తిరిగాడు. "ఏంటిది షెరాలీ?"

తాజిబాయ్ ఏదో అనబోయాడు. షెరాలీ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో నలుపుతూ ఆడవాళ్ళ వైపు చూశాడు.

"ఊట పైన మా వియ్యంకుడి కొట్టం ఉంది" అన్నాడు. "అనుమతి నేనే ఇచ్చాను. ఇవ్వకూడదని ఇచ్చేటప్పుడే తెలుసు. తీయమని ఒకసారి అడిగాను, ఆయన తీయలేదు, రెండోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. వీళ్ళు చలికాలమంతా వచ్చి అడిగారు. నేను దొడ్డిదారిన పారిపోయాను. తప్పు నాది."

తాజిబాయ్ రొట్టె తుంపిన చేత్తోనే లేచి వెళ్ళిపోయాడు. సైరాకాన్‌కు గెలిచామన్న సంతోషం ఒక్క పిసరు కలగలేదు. తమ్ముడి తల మీద నెరిసిన జుట్టు గాలికి లేస్తుంటే అదే చూస్తూ నిలబడింది.

వారం తిరక్కుండా కొట్టం పీకేశారు. జిల్లా నుంచి మనుషులొచ్చి తొట్టి కడిగారు, మందు వేశారు. షెరాలీ తనంతట తానే పదవి వదిలేశాడు. తాజిబాయ్ ఇంట్లో ఐనూరాకు మాటల పోటు మొదలైంది. పుట్టింటి గుమ్మం తొక్కితే మళ్ళీ ఇటు రావద్దన్నారట. ఆ మాట విన్న రోజు సైరాకాన్ రొట్టెలు కాల్చుకుని తాజిబాయ్ ఇంటికి వెళ్ళింది. అతను గేటు దగ్గరే ఆపేశాడు.

"ఇంకేం కావాలి? ఇల్లు కూడా పీకమంటావా?"

"నన్ను తిట్టు, కావలిస్తే కుక్కను వదులు. కొట్టం పీకించింది నేను. ఆ పిల్లకేం సంబంధం? పురిటి మనిషి, తండ్రిని చూడనివ్వు."

"ఆడదానివై పోయావు గాని..." అని అతను గేటు వేశాడు. ఆమె మరుసటి వారం మళ్ళీ వెళ్ళింది. ఆ మరుసటి వారం కూడా. నాలుగోసారి గేటు తీసింది తాజిబాయ్ భార్య. రొట్టెలు తీసుకుంది. ఆ నెల చివర్లో, పసిపిల్లను ఎత్తుకుని ఐనూరా పుట్టింటికి వచ్చి వెళ్ళిందని తుమార్ పరుగున వచ్చి చెప్పింది.

వేసవి మొదట్లో ఊట దగ్గర అషర్ జరిగింది. కొత్త మూత, కొత్త కంచె. పారల చప్పుడు, నూనె వాసన. పాట మాత్రం ఎవరో ఫోన్లో పెట్టారు. సైరాకాన్ బోర్సోక్ వేయిస్తూ తలెత్తేసరికి షెరాలీ పార భుజాన వేసుకుని దారి ఎక్కుతున్నాడు. నౌరూజ్ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. అతను మధ్యాహ్నం దాకా తవ్వాడు. తర్వాత వచ్చి పొయ్యి పక్కన కూలబడి చెయ్యి చాచాడు. ఆమె చిల్లుల గరిటెతో తీసి వేడివేడిగా అతని టోపీలో వేసింది.

"కాలుతోంది అక్కా!"

"కాలనీ."

కాసేపు నమిలాడు. "మా వియ్యంకుడి గేటు దగ్గర నిలబడ్డావట."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారులే." గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు గిన్నె ఖాళీగా పెట్టావు చూడు... నువ్వు కత్తి పెట్టి పొడిచినా నాకంత నొప్పి ఉండేది కాదు."

"నాకు లేదనుకున్నావా?"

అతను ఇంకో బోర్సోక్ తీసుకుని, సగం తుంపి ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరూ పొయ్యి పొగలో కళ్ళు నులుముకుంటూ తిన్నారు.

కొత్త అధ్యక్షుడు కుర్రవాడు, పట్నంలో చదివినవాడు. ప్రతి నెలా నీళ్ళు పరీక్ష చేయించి క్లబ్బు హాల్లో పైకి చదివి వినిపించాలని ఊరు కట్టుబాటు చేసింది. మొదట్లో జనం బాగా వచ్చేవాళ్ళు, తర్వాత పలచబడ్డారు. మరుసటి శరత్కాలంలోనూ ఇద్దరు పిల్లలకు కామెర్లు వచ్చాయి. వాళ్ళు కాలవ నీళ్ళు తాగారని అధ్యక్షుడన్నాడు, సైరాకాన్ ఊరుకోకుండా తుమార్‌తో కొండెక్కి తొట్టి అంతా తడిమి చూసి వచ్చింది. బాగానే ఉంది.

ఇప్పటికీ ఆ సభలకు తప్పకుండా వచ్చేవాళ్ళు కొందరే. సైరాకాన్, తుమార్, చలి ఎక్కువ లేకపోతే జోల్చు తాత. పైతరగతికి వెళ్ళిన బేగిమాయ్ ఒక్కోసారి. వెనక వరసలో గోడకు ఆనుకుని షెరాలీ. కుర్ర అధ్యక్షుడు గబగబా చదివేసి, "ఇక ప్రశ్నలేం లేవు కదా" అని లేవబోతే, వెనక నుంచి గొంతు వినిపిస్తుంది.

"కూర్చో బాబూ. ఈ నెల మందు ఎవరు వేశారు? నువ్వు కొండెక్కి చూశావా, లేక వాళ్ళు చెప్పింది విన్నావా?"

అధ్యక్షుడు నిట్టూర్చి మళ్ళీ కూర్చుంటాడు.